అతుకా, కొత్త శ్లాబా?

ప్రశ్న: మాది బందరుకు దగ్గరలోని పల్లె. 1977 ఉప్పెనలో పూరిల్లు పోయాక నాన్నగారు పదేళ్లు కూడబెట్టి, 1988లో మూడు గదుల డాబా వేయించారు. నాలుగేళ్లుగా వంటగదిలోనూ, అమ్మ పడుకునే పక్క గదిలోనూ కప్పు నుంచి పెచ్చులు రాలుతున్నాయి. రెండుసార్లు ప్లాస్టరింగ్ చేయించాం. పైన అంగుళం మందాన సిమెంటు పొర కూడా వేయించాం. ఈ వానాకాలం మళ్లీ రాలాయి. ఒక మేస్త్రి ఇంకోసారి పూత వేస్తే చాలంటున్నాడు, మరొకాయన శ్లాబు కొట్టేయాల్సిందే అంటున్నాడు. నాన్నగారు కట్టిన ఇంటిని కొట్టడానికి అమ్మకు మనసు రావడం లేదు. ఏమి చేయమంటారు?
ఒక పాఠకురాలు, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, ఇది చదివిన రోజే అమ్మగారి మంచాన్ని ముందు గదిలోకి మార్చండి. తక్కిన సంగతులన్నీ ఆ తర్వాతే. అరచేతి వెడల్పు పెచ్చయినా పది అడుగుల ఎత్తు నుంచి పడితే తల పగులుతుంది.

ముప్పై ఏళ్లుగా ఇళ్ల కప్పులు చూస్తున్న ఇంజనీరుగా చెబుతున్నాను, కారే కప్పు వేరు, రాలే కప్పు వేరు. ఉయ్యూరులో ఒకరి ఇంట్లో గోడ పొడవునా చెమ్మ దిగుతుంటే, శ్లాబు తీసేద్దామని నన్ను పిలిచారు. పైకెక్కి చూస్తే తూములో వేపాకులు కూరుకుపోయి, డాబా మీద బెత్తెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. తూము శుభ్రం చేయించి, వాటం సరిచేయించి, పిట్టగోడ మొదట్లో బీట పూడ్పించాను. చువ్వలకు తుప్పు తగలలేదు కనుక ఆ శ్లాబు ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

మీ ఇంట్లో జబ్బు చువ్వలోనే ఉన్నట్టుంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. పోయిన ఇనుము కంటే దాని తుప్పుకు రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చుగా విడిపోతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, వంటగది ఆవిరి దానికి తోడు. తుప్పు తీయకుండా పూత వేయడమంటే పుండు కడగకుండా కట్టు కట్టడమే.

చిన్న సుత్తితో రెండు గదుల కప్పునూ జానెడేసి దూరంలో తట్టించండి. తట్టేవారికి కళ్లద్దాలు, తలకు హెల్మెట్ తప్పనిసరి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, విడిపోయిన చోటు డొల్లగా మోగుతుంది. డొల్ల పలికిన మేర సుద్దతో గీయించండి. తర్వాత గది మధ్యలో ఒకచోట చువ్వను బయటపెట్టి, ఇనుప బ్రష్షుతో మెరిసేదాకా రుద్దించి, మందం కొలిచే పరికరమైన వెర్నియర్‌తో కొలిపించండి. 8 మి.మీ. చువ్వ 6కు వచ్చిందంటే కంటికి చిన్న తేడాయే, కానీ బరువు మోసే ఇనుములో నూటికి 44 పాళ్లు పోయినట్టు. గది మధ్యలో శ్లాబు కిందికి వంగబోయేటప్పుడు పుట్టే లాగుడంతా భరించేది దాని అడుగున ఉండే ఆ చువ్వలే.

సుద్ద గీతలు ఒక మూలకే పరిమితమై, చువ్వ నిండుగా ఉంటే మరమ్మతు చాలు. అప్పుడు కూడా చువ్వ వెనక దాకా కాంక్రీటు తీసి, తుప్పంతా గీకి, పాలిమర్ మోర్టారుతో (పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమంతో) నింపించాలి. గీతలు గదంతా పాకి, చువ్వ పొరలు పొరలుగా లేస్తుంటే మాత్రం ఇక అతుకుల మీద రూపాయి కూడా పెట్టకండి. నాలుగో వంతు ఇనుము పోయిన కప్పుకు నేను అతుకు ఒప్పుకోను.

పైన వేయించిన పొర గురించి కూడా చెప్పాలి. అంగుళం మందాన చదరపు మీటరుకు సుమారు 50 కిలోలు. పన్నెండడుగుల చదరపు గది మీద ఆరున్నర క్వింటాళ్లకు పైమాటే. నీరసించిన శ్లాబు నెత్తిన మూట పెట్టినట్టయింది. అక్కడే నీళ్ల ట్యాంకు కూడా ఉంటే వెంటనే దించేయండి, వెయ్యి లీటర్లంటే ఒక టన్ను.

కొట్టాల్సి వస్తే మేస్త్రి మాట ఒక్కటే చాలదు. మూడు గదులకూ ఒకేసారి పోసిన శ్లాబైతే చువ్వలు గోడ మీదుగా పక్క గదిలోకి సాగి ఉంటాయి. ఒక గది కప్పు తీస్తే పక్క గది కప్పు మీద ప్రభావం పడుతుంది. ఇంజనీరు చూసి, కప్పు కింద ఆసరాగా పోట్లు పెట్టించాకే సుత్తి పడాలి. తుపాన్ల కాలం పోయి సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. గోడలు బాగుంటే వాటిని కదపనక్కర్లేదు. నాన్నగారు కట్టించిన గోడలు, ఎత్తించిన గుమ్మాలు అలాగే ఉంటాయని అమ్మగారికి చెప్పండి.

కొత్త శ్లాబుకు ఉప్పు ఇసుక, ఉప్పు బావి నీళ్లు వాడనివ్వకండి. తాగే నీళ్లతోనే కలపాలి, కనీసం పది రోజులు తడపాలి. సముద్రం దగ్గర కనుక చువ్వ కింద కవరు, అంటే చువ్వను కప్పి ఉంచే కాంక్రీటు మందం, 30 మి.మీ.కు తగ్గకూడదు. కాంక్రీటు పోసే రోజు ఉదయమే మీరు స్వయంగా పైకెక్కి, చువ్వలను ఆ ఎత్తులో నిలిపే కవరు బిళ్లలు కింద ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడండి.