చిన్నారి బట్టలతో జ్ఞాపకాల బొంత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పిల్లలకు పొట్టివైపోయిన బట్టలతో జ్ఞాపకంగా బొంత కుట్టుకోవడం గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. ఒకే విషయాన్ని పలువురు అడిగిన చోట ప్రశ్నలను కలిపి రాశాను.

ప్రశ్న: మా అబ్బాయికి నాలుగేళ్లు నిండాయి. పుట్టినప్పటి నుంచి రెండేళ్లు వచ్చే వరకు వాడు వేసుకున్న బట్టలు రెండు పెద్ద సంచుల నిండా దాచి ఉంచాను. వాటితో బొంత కుట్టాలని ఉంది కానీ, సంచి విప్పిన ప్రతిసారీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచక మళ్లీ కట్టేస్తున్నాను. ఎన్ని బట్టలు కావాలి? ముక్కలు ఏ కొలతలో కోయాలి? ఏ డిజైన్ అయితే బాగుంటుంది?

జవాబు: కత్తెరకు ఇంకా చాలా సమయం ఉంది, ముందు ఒక నోటు పుస్తకం తీసుకోండి. సంచులు రెండూ విప్పి, బట్టలన్నీ నేల మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని, దాన్ని చూడగానే మీకేమి గుర్తుకు వస్తుందో ఒక్క వాక్యంలో రాయండి. బోర్లా పడిన రోజు ఒంటి మీదున్న చొక్కా, తొలి అడుగులు వేసినప్పటి నిక్కరు, అమ్మమ్మ చేత్తో అల్లిన స్వెట్టరు, ఇలాంటి వాటి దగ్గర మాట దానంతట అదే వస్తుంది. ఏ మాటా రాని బట్ట ఎంత ముచ్చటగా ఉన్నా దాన్ని పక్కన పెట్టి, వేసుకునే బిడ్డ ఉన్నవారికి ఇచ్చేయండి. నా దృష్టిలో జ్ఞాపకాల బొంతకు డిజైన్ అంటే ప్రధానంగా ఈ ఎంపికే. రెండు సంచుల బట్టలనూ ఒక్క బొంతలో ఇరికించాలని చూస్తే ఏ ముక్కా కంటికి ఆనదు. ఎంచుకున్న వాటిలో కూడా మీకు అన్నిటికంటే ప్రాణమైనవి రెండో మూడో కోయకుండా అలాగే దాచుకోండి, ఎందుకంటే కోశాక మనసు మారితే చేయగలిగింది ఏమీ ఉండదు. మిగిలిన ప్రతి బట్టకూ గుండీలు పెట్టి, చదునుగా పరిచి, ఫోటో తీసిన తరువాతే కోతకు సిద్ధం కండి.

ముక్క కొలతను నిర్ణయించేది మీ దగ్గరున్న వాటిలో అతి చిన్న బట్ట. అప్పుడే పుట్టిన బిడ్డ చొక్కాలో మెడ కింది నుంచి అంచు దాకా, చంక నుంచి చంక దాకా ఉండే చోటు సాధారణంగా ఆరున్నర అంగుళాల చదరానికి సరిపోతుంది. నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోగా 6 అంగుళాల చదరం పైకి కనిపిస్తుంది. ఒక్కో బట్టకు ముందు భాగం నుంచి ఒకటి, వెనుక భాగం నుంచి ఒకటి తీసుకుంటే 24 బట్టలకు 48 చదరాలు వస్తాయి. అడ్డంగా 6, నిలువుగా 8 పేర్చితే బొంత 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు అవుతుంది. నాలుగేళ్ల పిల్లవాడికి అది చాలు. ఇంకా పెద్దది కావాలంటే బట్టల సంఖ్య పెంచకుండానే, చదరాల మధ్య అంగుళం మేర కనిపించేలా సాదా గుడ్డ పట్టీలను, చుట్టూ మూడు అంగుళాల అంచును వేయండి. అదే బొంత 47 అంగుళాల వెడల్పు, 61 అంగుళాల పొడవు వరకు పెరుగుతుంది. పట్టీల వల్ల కొలత పెరగడమే కాక మరో మేలు కూడా ఉంది. పసిబట్టల మీద ఏనుగులు, నక్షత్రాలు, చారలు, చుక్కలు అన్నీ ఉంటాయి గనుక అవి ఒకదాన్నొకటి తాకితే చూపు ఎక్కడా నిలవదు. నడుమ ఒకే రంగు సాదా గుడ్డ ఉంటే ప్రతి ముక్కా దేనికది విడిగా కనిపిస్తుంది.

కోసే ముందు గట్టి అట్టతో ఒక చట్రం తయారు చేసుకోండి. దాని బయటి కొలత ఆరున్నర అంగుళాలు, లోపల కోసిన కిటికీ 6 అంగుళాలు ఉండాలి. ఆ చట్రాన్ని చొక్కా మీద అటూ ఇటూ జరుపుతూ చూస్తే, కుట్టిన తరువాత ఏది మిగులుతుందో ఇప్పుడే తెలిసిపోతుంది. ఒక అంగుళం కిందికి జరిపితే జేబు పూర్తిగా కిటికీలోకి వస్తుంది. అర అంగుళం పక్కకు జరిపితే బాతు బొమ్మ ముక్కు కుట్టులో పడి తెగిపోతుంది. అందరూ ముందుగా బొమ్మల వైపే చూస్తారు కానీ జేబు, కాలరు కొస, భుజం మీది గుండీల వరుస, పాకి పాకి మోకాలి దగ్గర వెలిసిన చోటు, ఇవి బొమ్మల కంటే ఎక్కువ గుర్తు చేస్తాయని నా నమ్మకం. టిచ్ బటన్లు, లోహపు గుండీలు మాత్రం కుట్టు గీతకు అంగుళం దూరంలోనైనా ఉండాలి. తగిలితే సూది విరుగుతుంది. చేతులు, పాంటు కాళ్ల వంటి సన్నని భాగాల నుంచి మూడున్నర అంగుళాల చదరాలు కోసి, నాలుగింటిని కలిపి కుడితే అవి కూడా ఒక పెద్ద చదరానికి సమానమవుతాయి.

ఇక అమరిక. మీ ఉత్తరం చదివాక నాకు తోచిన డిజైన్ ఇది: నడుమ నాలుగు చదరాలు పుట్టినప్పటి బట్టలవి పెట్టి, వాటి చుట్టూ ఆరు నెలల లోపు బట్టల చదరాలు 12, వాటి చుట్టూ ఏడాది వరకు వేసుకున్న వాటివి 20 పేర్చండి. అప్పటికి 36 చదరాల సమచతురస్రం పూర్తవుతుంది. పైన ఒక వరుస, కింద ఒక వరుసగా రెండో ఏటి బట్టలవి 12 చేర్చితే లెక్క 48కి సరిపోతుంది. చెట్టు మానులో వలయాల్లాగా బిడ్డ ఎదుగుదల నడుమ నుంచి బయటికి కనిపిస్తుంది. పైగా పుట్టినప్పటి బట్టలు తక్కువగానూ, తరువాతివి ఎక్కువగానూ ఉండటం చాలా ఇళ్లలో మామూలే కాబట్టి లెక్క కూడా సులువుగా కుదురుతుంది. ముక్కలన్నీ పరిచాక ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి చూడండి. ముదురు ముక్కలన్నీ ఒక మూలకు చేరి ఉంటే రంగుల సందడిలో తెలియదు కానీ ఆ ఫోటోలో ఇట్టే బయటపడుతుంది. అమరిక ఖాయమయ్యాక అదే గళ్ల పటాన్ని నోటు పుస్తకంలో గీసి, ఏ గడిలో ఏ బట్ట ఉందో, దాని గురించి మీరు ముందు రాసుకున్న వాక్యం ఏమిటో అందులో ఎక్కించండి. మీ అబ్బాయికి బొంతతో పాటు ఆ పుస్తకాన్ని కూడా ఇవ్వవచ్చు.

ప్రశ్న: నేను కుట్టు మెషిన్ మీద మామూలు నేత గుడ్డలు బాగానే కుడతాను. కానీ మా పాప బట్టలు చాలా వరకు బనియన్ గుడ్డవి. కోసిన ముక్క అంచులు చుట్టుకుపోతున్నాయి, కుడితే అలలు అలలుగా వస్తోంది. లోపం మెషిన్‌దా, నాదా?

జవాబు: ఇద్దరిదీ కాదు. నేత గుడ్డలో దారాలు పడుగు పేకలుగా బిగిసి ఉంటాయి. బనియన్ గుడ్డలో ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా అల్లుకుని ఉంటుంది. ఆ ఉచ్చులు సాగుతాయి కాబట్టే పసిబిడ్డ ఒంటికి హాయిగా ఉంటుంది, కోయగానే అంచు చుట్టుకుపోవడానికీ, కుట్టు కింద సాగి అలలు తేలడానికీ కారణం కూడా అదే. దీనికి మందు, కాలర్ల లోపల టైలర్లు ఇస్త్రీతో అతికించే ఫ్యూజింగ్ గుడ్డ. కాలర్లకు వాడే బిరుసు రకం కాకుండా, దొరికిన వాటిలో అతి పలుచనిది తీసుకోండి. బట్టను కుట్ల వెంట విప్పదీసి, కావలసిన చదరం కంటే అన్ని వైపులా అర అంగుళం పెద్దదిగా ఫ్యూజింగ్‌ను కోసి, గుడ్డ వెనుక వైపు అతికించండి. ఇస్త్రీ పెట్టెను గుడ్డ మీద లాగకూడదు; లాగితే గుడ్డ సాగిన స్థితిలోనే అతుక్కుపోతుంది. ఒక చోట ఆనించి, కొన్ని క్షణాలు నొక్కి ఉంచి, పైకెత్తి పక్క చోట మళ్లీ ఆనించాలి. రబ్బరులా ఉబ్బెత్తుగా ఉండే బొమ్మల మీద వేడి నేరుగా తగిలితే కరిగి అంటుకుంటాయి గనుక వెనుక వైపు నుంచే నొక్కాలి, కింద ఒక నూలు గుడ్డ పరుచుకోవాలి. పూర్తిగా చల్లారిన తరువాత మాత్రమే అసలు కొలతకు చదరం కోయండి. ముందు చదరం కోసి తరువాత ఫ్యూజింగ్ వేస్తే కొలత తప్పుతుంది, మూలలు కలవవు.

మెషిన్‌కు బనియన్ గుడ్డల కోసం ప్రత్యేకంగా దొరికే గుండ్రటి మొన సూది వేయండి. 75/11 లేదా 80/12 సైజు సరిపోతుంది. మామూలు సూది మొన ఉచ్చు దారాన్ని తెంపితే, ఉతికాక అక్కడ చిల్లు పడుతుంది. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు ఉంచండి. బనియన్ ముక్కను నేత ముక్కతో కలిపేటప్పుడు బనియన్ ముక్క కింది వైపు ఉండాలి, ఎందుకంటే మెషిన్ పళ్లు కింది గుడ్డను కాస్త ఎక్కువగా లోపలికి లాక్కుంటాయి. చేత్తో అల్లిన స్వెట్టరు విషయంలో ఇంకొక జాగ్రత్త కావాలి: కోయగానే అల్లిక విడిపోతుంది కాబట్టి, కోయబోయే గీతకు లోపలి వైపున మెషిన్ మీద రెండు వరుసల కుట్టు వేసి, ఆ తరువాతే కత్తెర పెట్టండి.

ప్రశ్న: దాచి పెట్టినప్పుడు తెల్లగా ఉన్న చొక్కాల మీద ఇప్పుడు మెడ దగ్గర పసుపు మరకలు కనిపిస్తున్నాయి. అవి పోతాయా?

జవాబు: అవి చాలా వరకు పాల మరకలు. ఉతికినప్పుడు పూర్తిగా వదలని పాల శేషం కంటికి కనిపించకుండా నూలులో ఉండిపోయి, గాలి తగిలి ఏళ్ల మీద పసుపు రంగుకు తిరుగుతుంది. ముందుగా చల్లటి నీటిలో నానబెట్టండి. మొదటే వేడి నీరు పోస్తే పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక మరింత పట్టేస్తుంది. తరువాత ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్‌కార్బనేట్ ఉండే పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి, ప్యాకెట్ మీద చెప్పినంత సేపు ఉంచి, ఉతికి ఎండలో ఆరేయండి. క్లోరిన్ బ్లీచ్ జోలికి మాత్రం వెళ్లకండి. అది నూలు పోగును బలహీనపరుస్తుంది, సాగే దారం కలిసిన గుడ్డను ఇంకా పసుపు చేస్తుంది. ఉన్ని, పట్టు బట్టలకు ఈ పొడి కూడా పనికిరాదు. మరక పూర్తిగా పోయే వరకు ఇస్త్రీ చేయకూడదు. ముదురు రంగు బట్టలుంటే ఒక మూలను తడిపి తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే ఆ బట్టను బొంతలో కలపకపోవడమే మంచిది, లేకపోతే తొలి ఉతుకులోనే పక్క చదరాలు పాడవుతాయి.

ఎంత చేసినా పోని మరక ఉంటే, అట్ట చట్రాన్ని దానికి దూరంగా జరపండి. అయితే ఒక పాఠకురాలు రాసినట్లు, తొలిసారి తనంతట తాను తినబోయి ఒలకబోసుకున్న మరకనే ఉంచుకోవాలనిపిస్తే నిస్సంకోచంగా ఉంచుకోండి. బాగా ఉతికిన గుడ్డలో ఆ గుర్తు ఉండటం వల్ల బొంతకు వచ్చే నష్టం లేదు.

ప్రశ్న: మా పాప తొలి ఏటి బట్టల్లో ఎనిమిది మాత్రమే మిగిలాయి. బొంతకు అవి చాలవేమో. చాలినా వాటిని కోయడానికి చెయ్యి రావడం లేదు.

జవాబు: చెయ్యి రాకపోతే కోయకండి. ఎనిమిది బట్టలను ఎనిమిదింటినీ పూర్తి ఆకారంలో నిలిపే పద్ధతి ఉంది. లేత రంగు సాదా నూలు గుడ్డ నుంచి పదిహేనున్నర అంగుళాల చదరాలు తొమ్మిది కోయండి. ఎనిమిదింటి మీద ఒక్కో బట్టను, చేతులు చాచి పరిచినట్లుగా, గుండీలు పెట్టి గుండుసూదులతో నిలిపి, అంచుల వెంట కనిపించీ కనిపించని సన్నని చేతికుట్టు వేయండి. గౌను కింది అంచును, జేబు నోటిని కుట్టకుండా వదిలితే పాప పెద్దయ్యాక వేళ్లు పెట్టి చూసుకోవచ్చు. తొమ్మిదో చదరాన్ని నడుమ పెట్టి, దాని మీద పాప పేరు, పుట్టిన తేదీ దారంతో కుట్టండి. మూడు వరుసల్లో మూడేసి చొప్పున కలిపితే 45 అంగుళాల చతురస్ర బొంత తయారవుతుంది. బట్టకు ముందు, వెనుక రెండు పొరలుంటాయి గనుక దాని మీదుగా బొంత కుట్టు వేయడం కష్టం. బట్ట చుట్టూ అర అంగుళం దూరంలో దాని ఆకారాన్నే అనుసరిస్తూ బొంత పై గుడ్డ, నడిమి పొర, అడుగు గుడ్డ మూడింటినీ కలిపి కుట్టండి. నిజం చెప్పాలంటే చదరాల బొంత కంటే ఇదే నాకు ఎక్కువ ఇష్టం. అరచేయంత చొక్కాను చొక్కాగానే చూసినప్పుడు బిడ్డ ఎంత చిన్నగా ఉండేదో తెలిసినంతగా, చదరం ముక్కను చూస్తే తెలియదు.

ప్రశ్న: మా పెద్దవాడి బట్టలతో కుట్టిన బొంతను, ఇప్పుడు పుట్టబోయే బిడ్డకు ఉయ్యాలలో కప్పవచ్చా? ఎలా ఉతకాలి?

జవాబు: ఏడాది నిండే వరకు నిద్రపోయే బిడ్డ దగ్గర బొంత ఉంచకూడదు. ఊపిరాడకపోయే ప్రమాదం ఉన్నందున పసిబిడ్డ పడుకునే చోట దుప్పట్లు, బొంతలు, దిండ్లు వద్దని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022లో సవరించిన మార్గదర్శకాల్లోనూ స్పష్టంగా చెప్పింది. అప్పటి వరకు గోడకు వేలాడదీయండి, లేదా మీరు కప్పుకోండి. ఏడాది దాటాక కూడా, వస్తువులను నోట్లో పెట్టుకునే వయసు పోయే వరకు గుండీలు, పూసలు, రిబ్బన్లు ఉన్న బొంతను బిడ్డ చేతికి ఇవ్వకండి.

ఉతుకు అరుదుగానే ఉండాలి. చల్లటి నీటిలో, తక్కువ సబ్బుతో, పిండకుండా చేత్తో నొక్కుతూ ఉతకండి. తడిసిన బొంత బరువుకు కుట్లు సాగిపోతాయి గనుక దండెం మీద ఒక అంచు పట్టి వేలాడదీయకుండా, కింద దుప్పటి పరిచి నీడలో చదునుగా ఆరబెట్టండి. దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమ లోపలే నిలిచి బూజు పడుతుంది. ఉతికిన నూలు దిండు గలీబులో పెట్టి, అప్పుడప్పుడు తీసి మడతలు మార్చండి.