త్రాపనిలో కుస్కుస్: పైన కూరగాయలున్నా రవ్వ సంగతి అడగాలి

“ఉద్యోగం మీద త్రాపనికి వచ్చి నెల కాలేదు. ఆఫీసువాళ్లు వీధి చివరి చిన్న కుస్కుస్ హోటలుకు రమ్మంటున్నారు. మేము శాకాహారులం, వెళ్లవచ్చా అక్కా?” అని ఒక చెల్లెలు అడిగింది.

తప్పకుండా వెళ్లమ్మా. అయితే ఆర్డరు ఇచ్చే ముందు ఒక్క సంగతి కనుక్కో.

కుస్కుస్ అంటే ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వ. ఉత్తర ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చిన ఈ వంటకం ఇటలీ దీవి సిసిలీ పడమటి కొసన ఉన్న మన త్రాపనిలో చేపల వంటగా స్థిరపడింది. వెడల్పాటి మట్టి పళ్లెంలో గోధుమ రవ్వ పోసి, నీళ్లు చిలకరిస్తూ వేళ్లతో గుండ్రంగా తిప్పుతారు. రవ్వ చిన్న చిన్న పూసలుగా కడుతుంది. దాన్ని అడుగున చిల్లులున్న మట్టి కుండలోకి ఎత్తి, మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పెడతారు. రెండింటి మధ్య సందును తడి పిండితో మెత్తి మూస్తారు. దమ్ బిర్యానీ గిన్నెకు మనవాళ్లు పిండి పెట్టడం చూశావు కదా, అచ్చం అలాగే. మొదటిసారి ఆ పిండి పట్టీ చూసినప్పుడు నాకు ఇల్లు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

నీకు సంబంధించిన విషయం ఆ తర్వాతే ఉంది. ఆవిరి మీద ఉడికిన రవ్వలో వేడి చేపల చారు పోసి, మూతపెట్టి, దుప్పటి కప్పి నానబెడతారు. అంటే చేప ముక్కలు ఏరి పక్కన పెట్టినంత మాత్రాన అది శాకాహారం కాదు. వచ్చిన కొత్తలో నేను ఒకచోట కూరగాయల కుస్కుస్ తెప్పించుకున్నాను. పైన వంకాయ, గుమ్మడి ముక్కలు చక్కగా పేర్చారు. రెండో ముద్దకే చేప వాసన! వాళ్లు నన్ను మోసం చేయలేదు, నేనే చారు సంగతి అడగలేదు.

అందుకే “ఇల్ బ్రోదో ఎ ది పేషె?” అని అడుగు. చారు చేపలదా అని దాని అర్థం. “వెజిటేరియన్” అని ఊరుకుంటే చాలదు, చేప తింటావనుకునేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. చారు చేపలదే అంటే బుజియాతె అనే మెలికల పాస్తా తెప్పించుకో. టమాటా, బాదం, వెల్లుల్లి, తులసి జాతి ఆకు కలిపి నూరిన పచ్చడితో ఇస్తారు. మన రోటి పచ్చడి తిన్నవాళ్లకు వెంటనే నచ్చుతుంది. దాని మీద తురిమే గొర్రె పాల చీజు కోసం మాత్రం పాలను గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. వద్దనుకుంటే “సెన్సా ఫొర్మాజ్జో” అను, చీజు లేకుండా అని.

బిల్లులో “కొపెర్తో” అని మనిషికి ఇంత అని కనబడితే కంగారు పడకు. అది బల్ల, రొట్టెల ఖర్చు. రాత్రి భోజనానికి ఎనిమిది గంటలకు ముందు వెళితే పొయ్యి వెలిగించి ఉండకపోవచ్చు.

కుస్కుసే తినాలని ఉంటే ముందు రోజే ఫోను చేయి. ఆవిరి పట్టేది ఉత్త నీళ్ల మీదేనా అని అడిగి, చారు పోయకముందే నీ వాటా రవ్వ పక్కకు తీసి ఉంచమని చెప్పు. ఇంటివాళ్లే నడిపే చిన్న హోటళ్లలో ఆ మాట ఆప్యాయంగా అడిగితే ఎవరూ నాకు కాదనలేదు.