ముత్యం సహజంగా ఎలా పుడుతుంది? పెంపకంలో ఏం చేస్తారు?

ఇసుక రేణువు వల్లే ముత్యం పుడుతుందని అంటారు గానీ, అది చాలా అరుదు. ఎక్కువగా ఏదో పరాన్నజీవి దూరినప్పుడో, గాయమైనప్పుడో ఆల్చిప్పలోని మాంటిల్ అనే మెత్తటి పొర నుంచి కొన్ని కణాలు లోపలికి చేరి చిన్న సంచిలా ఏర్పడతాయి. చిప్ప లోపలి వైపు మెరిసే పదార్థాన్నే అవి పొర మీద పొరగా పేరుస్తాయి. అందులో ఉండేది కాల్షియం కార్బొనేట్ పలకలు, వాటిని అతికించే ప్రోటీన్. ఆ పలకలు కాంతి తరంగమంత పల్చన కాబట్టే ముత్యానికి ఆ రంగుల మెరుపు. నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే.

పెంపకంలో గుండ్రటి పూసను, మరో ఆల్చిప్ప మాంటిల్ ముక్కతో కలిపి లోపల అమర్చి మళ్లీ నీళ్లలో ఉంచుతారు. మంచినీటి రకాల్లో చాలావరకు మాంటిల్ ముక్క ఒక్కటే చాలు. జపాన్‌లో మికిమోతో కోకిచి అనే వ్యాపారి 1893లో అర్ధముత్యాలు పండించారు. పెంచిన ముత్యాన్ని నకిలీ అనడం మాత్రం తప్పు, పొరలు పేర్చేది ఆల్చిప్పే.