జిరాక్స్ కొట్టు పెడుతున్న అమ్మలుకి

అమ్మలూ,

కాలేజీ ఎదురు సందులో జిరాక్స్, నెట్ సెంటర్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అడ్వాన్సు కూడా ఇచ్చేశావట. ఉద్యోగం చూసుకోకుండా ఇదేంటని దాని దిగులు. మన ఇంటి ఆడపిల్ల సొంతంగా బోర్డు కడుతోందంటే నాకు మాత్రం భలే గర్వంగా ఉంది. టెన్షన్ కూడా ఉంది, దానికి కారణం మీ నాన్న.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తా. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పంపడానికే కొట్టాలి. స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మకు, సౌండ్‌బాక్స్ పలకాలి. నీ క్యూఆర్ స్టిక్కర్ మీద ఇంకెవరిదైనా అంటించారేమో పొద్దున్నే చూసుకో. బ్యాంకు నుంచి అంటూ ఎవడైనా ఎనీడెస్క్ (మన తెర వాడి చేతికిచ్చే యాప్) వేసుకోమంటే ఫోన్ పెట్టేయ్. డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో ఆపించే వీలు అంత ఎక్కువ.

ఇక మీ నాన్న సంగతి. 2017 మే నెల, పెళ్లిళ్ల సీజన్. ఒక పొద్దున డీటీపీ కొట్టు తెరిచేసరికి సిస్టమ్ మీద ఎర్రటి పెట్టె కనబడింది. ఫైళ్లకు తాళం వేశాం, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టు అని. వాన్నాక్రై అనే వైరస్ అది. ఆ రోజుల్లోనే మన ఆంధ్రాలో పోలీసుల కంప్యూటర్లకూ పట్టింది. పెళ్లి ఫొటోలు, ఆల్బమ్ డిజైన్లు ఒక్కటీ తెరుచుకోలేదు. దానికి విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. కానీ మీ నాన్నది దొంగ విండోస్. అప్‌డేట్ చేస్తే తెర నల్లబడుతుందని అమ్మినవాడే ఆపేసి ఇచ్చాడు. ఈయనేమో సిస్టమ్ స్పీడుగా ఉందని మురిసిపోయాడు.

బ్యాకప్ లేదా అంటే, ఉంది! పెద్ద హార్డ్ డిస్క్ కొన్నాడు. కొని, రోజూ పీకడం బద్ధకమై సిస్టమ్‌కే తగిలించి వదిలేశాడు. వైరస్ దాన్నీ తినేసింది. బీరువాకు తాళం వేసి తాళంచెవి దానికే వదిలేసినట్టు.

డబ్బు కట్టలేదులే. కట్టినా ఫైళ్లు వస్తాయని నమ్మకమేముంది? ఫొటోగ్రాఫర్లను బతిమాలి కార్డుల్లో మిగిలినవి తెచ్చుకున్నాడు, మిగతావాళ్లకు అడ్వాన్సులు వెనక్కిచ్చాడు. ఒక పెళ్లికూతురి తండ్రి కొట్టు ముందు నిలబడి అరుస్తుంటే మారు మాట్లాడలేదు. నీకు ఇవేవీ చెప్పి ఉండడు, నువ్వప్పుడు స్కూలు పిల్లవి. మనిషి బంగారం, బద్ధకం ఒక్కటే.

నీకూ ఆ పోలిక ఉంది, అందుకే చెబుతున్నా. చౌకగా వస్తోందని పాత సిస్టమ్ కొనకు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అసలు విండోస్ 11 ఉన్నదే తీసుకో, అప్‌డేట్లు ఆపకు. హార్డ్ డిస్కులు రెండు కొను. కాపీ అవగానే పీకెయ్, ఒకటి ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి. అప్పుడప్పుడూ అందులోంచి ఒక ఫైలు తెరిచి చూస్తుండు, లేకపోతే కాపీ అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

వైరస్ కంటే నాకు భయమైనది ఇంకొకటి ఉంది. నీ కొట్టుకు వచ్చేది ఆడపిల్లలు. ఆధార్, హాల్ టికెట్, పాస్‌పోర్ట్ ఫొటో వాట్సాప్‌లో పంపి ప్రింట్ తీసుకుని వెళ్లిపోతారు. ఆ కాగితాలు మాత్రం నీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉండిపోతాయి. రేపు నువ్వు పనికి పెట్టుకునే కుర్రాడికి అవన్నీ కనబడతాయి. కాగితమే కదా అనుకోకు. 2018లో తెలంగాణలో ఒకతను భూమి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. షట్టర్ దించే ముందు ఆ ఫోల్డర్, రీసైకిల్ బిన్, వాట్సాప్ చాట్ మూడూ ఖాళీ చెయ్యి. పాడైన జిరాక్స్‌లు బజ్జీల బండికి అమ్మకు, చింపెయ్. పిల్లలు తమ మెయిల్ తెరవాలంటే బ్రౌజర్‌లో గెస్ట్ విండో ఇవ్వు, మూసేయగానే వాళ్ల లాగిన్ చెరిగిపోతుంది. వాళ్లకు వైఫై ఇస్తే నీ బిల్లింగ్ సిస్టమ్ ఉన్న నెట్‌వర్క్ ఇవ్వకు, రౌటర్‌లో గెస్ట్‌ది వేరే పెట్టించు.

మాస్క్డ్ ఆధార్ ఎలా డౌన్‌లోడ్ చెయ్యాలో వచ్చేవాళ్లకు నువ్వే నేర్పించు, చివరి నాలుగు అంకెలే కనబడతాయి. దానికి డబ్బులు అడగకు.

హార్డ్ డిస్కులు నా తరఫున. ఓపెనింగ్‌కు ముందు రోజే వస్తాను, మీ అమ్మతో నేను మాట్లాడతా. స్వీట్లు బయట ఆర్డర్ ఇవ్వొద్దు, సున్నుండలు నేను చేసి తెస్తున్నాను.

మీ పెద్దమ్మ