సీలేరులో కయాకింగ్‌కి ఫారెస్ట్ పర్మిషన్ ఒక్కటే చాలదు

గుంటూరు నుంచి నలుగురు అక్టోబర్‌లో ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పారే సీలేరు నదిలో వైట్ వాటర్ కయాకింగ్‌కి (రాళ్ల మధ్య ఉరకలేసే నీళ్లలో చిన్న పడవ నడపడం) వెళ్లాలని, ఫారెస్ట్ పర్మిషన్ తీసుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. మాది విజయవాడ, ఆ వైపు దిగి వచ్చినవాళ్లమే కాబట్టి చెప్తున్నా.

ముందు నీళ్ల సంగతి. మ్యాప్‌లో డొంకరాయి, పొల్లూరు మధ్య వాలు చూసి ఆశపడకండి. అక్కడ నీళ్లలో ఎక్కువ భాగం పవర్ కెనాల్లోంచి పొల్లూరు కరెంటు కేంద్రానికి పోతుంది, నదిలో మిగిలేది రాళ్లే, పైనున్న డొంకరాయి డ్యామ్ గేట్లు ఎత్తారో, అదే చోటికి ఒక్కసారిగా వరద వచ్చి పడుతుంది. పొల్లూరు కిందా అంతే, టర్బైన్లు తిరిగినప్పుడు నది పెరుగుతుంది, ఆపితే తగ్గుతుంది, పైన ఎండ కాస్తోందిగా అని ధీమాగా ఉండటానికి లేదు. దిగే రోజు పొద్దున జెన్‌కో (ఆ కరెంటు కేంద్రం నడిపే ప్రభుత్వ సంస్థ) వాళ్లని అడగాల్సిందే.

ఇక ఊళ్లు. అక్కడ కోయలు, కొండరెడ్లు ఉంటారు. 1/70 చట్టం వల్ల బయటివాళ్లు అడుగు పెట్టకూడదని కొందరు భయపెడతారు, అది గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా తెచ్చిన చట్టం, మీ ప్రయాణానికి దాంతో సంబంధం లేదు. కానీ ముందురోజే వెళ్లి సర్పంచ్‌తో, ఊరి పెద్దతో మాట్లాడండి. ఒక ఊళ్లో పెద్దాయన "పొద్దున వలలు తీసేస్తాం, అప్పుడు దిగండి" అన్నారు. టైం పోతోందని మావాడొకడు గొణిగాడు గానీ, మలుపు తిరిగాక వలలు కట్టడానికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పాతిన గుంజలు చూసి నోరు మూశాడు. ఆ ప్రవాహంలో వలకి చిక్కితే బోల్తా పడిన పడవలోంచి బయటికి రావడం కూడా కష్టమే. దారి చూపించినవాళ్లకి డబ్బులు నేరుగా వాళ్ల చేతికే ఇవ్వండి, డ్రోన్ మాత్రం ఇంట్లోనే పెట్టి రండి.

అవతలి ఒడ్డు ఒడిశా, కాబట్టి రెండువైపులా పోలీసులకి చెప్పి ఉంచండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. పెద్ద దెబ్బ తగిలితే భద్రాచలం ఆసుపత్రి దాకా రావాలి. పడవలు కారు మీద కట్టుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కే బదులు భద్రాచలం, చింతూరు మీదుగా వెళ్తేనే సుఖం.

ప్రకాశం బ్యారేజీ పైన నిలవనీళ్లలో తిప్పిన అనుభవమే ఉంటే ఈ ఏడాదికి ఆగండి. రుషికేశ్‌లోనో, వానాకాలంలో కేరళ కోడంచేరిలోనో నేర్పేవాళ్లు దొరుకుతారు, బోల్తా పడ్డాక పడవలోంచే తిరిగి లేవడం వచ్చేదాకా సీలేరు మాట వద్దు. అదంతా వచ్చినవాళ్లకైనా అక్టోబర్ వద్దు, తుపాన్ల నెల. డిసెంబర్‌లో పెట్టుకోండి.