విమానయాన రంగంలో తెలిసినవాళ్లు లేకపోతే ఎలా?

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు చదువుతున్నాను. పైలట్ కావాలని కోరిక. మా చుట్టాల్లో ఈ లైన్లో ఎవరూ లేరు. పరిచయాలు లేనిదే ఇందులో నెగ్గుకురాలేమంటున్నారు. నిజమేనా?
- ఒక విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: లైసెన్సు పరిచయాలతో రాదమ్మా. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే రాతపరీక్షల్లో పేపరు పేపరుకూ 70 శాతం రావాలి. 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత పూర్తిగా మీదే అయి. వీటిలో ఎవరు చెప్పినా ఒక్క గంట తగ్గదు. పరిచయాలు అక్కరకొచ్చేది అంతకంటే ముందు, ఫీజు కట్టబోయేటప్పుడు.

ఫ్లయింగ్ స్కూలు బ్రోచర్లో పది విమానాలని ఉంటుంది. అందులో ఈ వారం ఎగురుతున్నవెన్ని, ఇంజన్ పనికో విడిభాగాల కోసమో హ్యాంగర్లో (విమానాల షెడ్డులో) ఆగిపోయినవెన్ని అన్నది అక్కడ చదివే పిల్లలకే తెలుసు. నెలకు 20 గంటలు దొరికితే 200 గంటలు పది నెలల్లో అయిపోతాయి. ఎనిమిదే దొరికితే 25 నెలలు. ఆ పదిహేను నెలల హాస్టలు ఖర్చు, తిండి ఖర్చు ఇంట్లోవాళ్ల నెత్తినే పడుతుంది. అప్పు తీసుకుంటే దాని వడ్డీ సరేసరి.

అందుకని ఒక్కో స్కూలుకు కనీసం ముగ్గురితో మాట్లాడండి: కొత్తగా చేరినవారు, సగంలో ఉన్నవారు, పూర్తిచేసి బయటికి వచ్చినవారు. చేర్పిస్తే కమిషన్ వచ్చేవాళ్లూ ఉంటారు కాబట్టి ఒక్కరి మాటే పట్టుకోవద్దు. లింక్డ్‌ఇన్‌లో స్కూలు పేరు కొడితే పాత విద్యార్థులు కనిపిస్తారు. "సార్, గైడెన్స్ ఇవ్వండి" అని రాస్తే ఏం చెప్పాలో తోచక చాలామంది వదిలేస్తారు. ఇలా రాయండి:

"నమస్కారమండీ. చీపురుపల్లిలో ఇంటర్ చదువుతున్నాను. మీరు చదివిన స్కూల్లో చేరాలనుకుంటున్నాను. చివరి ఆరు నెలల్లో మీకు నెలకు ఎన్ని గంటలు దొరికాయి? వానాకాలంలో ఎన్ని రోజులు పోయాయి? వీలు చూసుకుని చెప్పగలరు."

వారంలో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి. వస్తే కృతజ్ఞతలు చెప్పండి. చివరికి ఎక్కడ చేరారో కూడా రాయండి. ఈ రెండో ఉత్తరమే చాలామంది మరచిపోతారు, పరిచయం నిలబడేది దానితోనే. ఎవరిని ఏ తారీకున ఏమడిగారో ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.

రెండేళ్లకోసారి హైదరాబాద్ బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరుగుతుంది. విమానాలు చూసి రావడం కాదు, స్టాళ్లలో ఉన్నవారిని అడగడానికి నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. విమానాశ్రయంలో ఎవరైనా తెలిసినా మంచిదే, కానీ గ్రౌండ్ స్టాఫ్‌ను పైలట్ శిక్షణ గురించి అడిగితే వాళ్లు మాత్రం ఏం చెప్తారు? ఎవరి పని గురించి వాళ్లను అడగాలి. అన్నిటికన్నా గట్టి పరిచయాలు మీ బ్యాచ్‌లోనే దొరుకుతాయి. ఈరోజు మీతో కూర్చుని నావిగేషన్ లెక్కలు చేసిన పిల్లే రేపు ఖాళీలున్నాయని ముందుగా ఫోన్ చేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఏఎంఈ (విమానాల నిర్వహణ, మరమ్మతుల ఇంజనీరింగ్) చదువు ముగిస్తున్నాడు. ఎయిర్‌లైన్స్‌లో తనవాళ్లున్నారని, 80 వేలిస్తే ఉద్యోగం ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. ఇవ్వమంటారా?
- ఒక తండ్రి, పలాస

జవాబు: వద్దండీ, రూపాయి కూడా ఇవ్వకండి. ఆ ఖాళీ కంపెనీ సొంత వెబ్‌సైట్లో ఉందో లేదో మీరే చూడండి. ఇంటర్వ్యూ కాకుండానే ఆఫర్ లెటర్ వచ్చినా, మామూలు జీమెయిల్ నుంచి వచ్చినా అది దొంగదే. అబ్బాయి సర్టిఫికెట్లు, ఆధార్ ఆయన చేతికి ఇవ్వవద్దు.

మీ అబ్బాయికి కావలసిన పరిచయం హ్యాంగర్లోనే ఉంది. ప్రాక్టికల్ అనుభవం లెక్కకు రావాలంటే చేసిన ప్రతి పనికీ లాగ్‌బుక్కులో లైసెన్సున్న ఇంజనీరు సంతకం ఉండాలి. నెలాఖరుకు అన్నీ కలిపి పెట్టించుకుందామని పిల్లలు వదిలేస్తారు. ఈలోగా ఆ ఇంజనీరు వేరే ఊరికి బదిలీ అయితే చేసిన పని చేయనట్టే. చక్రం మార్చిన రోజే తేదీ, విమానం రిజిస్ట్రేషన్ నంబరు, చేసిన పని రాసి, ఆయన షిఫ్టు దిగేలోగా సంతకం పెట్టించుకోమనండి. రోజూ ఎదురుపడి, అడిగిన పనిముట్టు అందిస్తూ, తెలియనిది తెలియదని చెప్పే కుర్రాడిని ఆ ఇంజనీరు గుర్తుపెట్టుకుంటాడు.