మీరడిగారు: కర్ర చేతికిస్తే పాప మాకు దూరమైపోతుందా?

ప్రశ్న: మా పాపకి 18 ఏళ్లు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు అన్నారు డాక్టర్లు. చిన్నప్పట్నించీ రేచీకటి ఉంది, ఇప్పుడు పక్కనుంచి వచ్చేవాళ్లు కూడా కనపడట్లేదు, పుస్తకం మాత్రం బాగానే చదువుతుంది. హాస్టల్లో ఉండి కంప్యూటర్స్ చదువుతానంటోంది. మావారు వద్దు, ఇంట్లోంచే ప్రైవేటుగా డిగ్రీ కట్టమంటున్నారు. తెల్లకర్ర ఇప్పిద్దామంటే అందరికీ తెలిసిపోతుంది, రేపు పెళ్లి ఎలా అంటున్నారు ఇంట్లోవాళ్లు. నాకూ భయమే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో మీవారి మాట ఉంది, ఇంట్లోవాళ్ల మాట ఉంది, మీ భయం ఉంది, పాప మాట మాత్రం ఒక్క ముక్కే ఉంది. ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, నీకు ఎక్కడెక్కడ కష్టంగా ఉంది, ఏం కావాలి అని అడిగి మొత్తం వినండి, మధ్యలో అడ్డు చెప్పకుండా. నాకు పోలియో, చిన్నప్పట్నించీ కాళ్లకి కట్టుకునే ఊత పట్టీలు, కాలిపర్లతోనే నడుస్తున్నాను, నన్నూ మావాళ్లు ప్రేమతోనే ఆపారు, పడిపోతావే అని క్లాసువాళ్లతో ఏ టూరుకీ పంపలేదు. పడితే లేవడం నేర్చుకునేదాన్ని కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ జబ్బులో సాధారణంగా ముందు రాత్రి చూపు తగ్గుతుంది, తర్వాత చుట్టుపక్కల చూపు పోతూ గొట్టంలోంచి చూసినట్టు అవుతుంది, మధ్య చూపు చాలాకాలం నిలవొచ్చు, ఎంత వేగంగా తగ్గుతుందన్నది ఒక్కొక్కళ్లకి ఒక్కోలా ఉంటుంది. అందుకే పుస్తకం చదివే పిల్లే గుమ్మం తగిలి పడుతుంది, చూసినవాళ్లు నటిస్తోంది అంటారు. పాపం ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో! కర్ర చేతిలో ఉంటే ఆ మాట అనేవాళ్లు తగ్గుతారు, ఎదురొచ్చేవాళ్లు తప్పుకుంటారు, పైగా ఇప్పుడు కొంచెం చూపు ఉండగానే కర్రతో నడక, కంప్యూటర్ తెరమీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ రెండూ నేర్చుకుంటే తర్వాత ఒక్కసారిగా కాళ్లకింద నేల పోయినట్టు ఉండదు. కర్రతో ఒంటరిగా నడవడం నేర్పే మొబిలిటీ ట్రైనింగ్ అని అడగండి, కర్ర కొనిచ్చి ఊరుకుంటే సరిపోదు.

కంప్యూటర్స్ ఎలా చదువుతుంది అనే అనుమానం మీవారికి ఉందేమో. ఎన్‌వీడీఏ అని ఒక స్క్రీన్ రీడర్ ఉంది, ఉచితం. దాన్ని 2006లో మొదలుపెట్టిన మైఖేల్ కరన్‌కి చూపు లేదు, ఆయనతో కలిసి పనిచేసిన జేమ్స్ టే గారికీ లేదు. ఇది మీవారికి చెప్పండి.

బయటికి పంపితే పాపకి భద్రత ఉండదనే భయం గురించి ఇంకొకటి చెప్పాలి. అమెరికాలో జూడీ హ్యూమన్ అనే ఆవిడ ఉండేవారు, ఆవిడకీ పోలియోనే, వీల్‌చైర్. అయిదేళ్లప్పుడు బడిలో చేర్చుకోం అన్నారు, మంటలంటుకుంటే ఈ పిల్లతో ప్రమాదం అని. చదువుకుని టీచర్ అవుదామంటే 1970లో న్యూయార్క్‌లో లైసెన్స్ ఇవ్వలేదు, మళ్లీ అదే మంటల సాకు! కోర్టుకెళ్లి సాధించుకుని టీచరైంది. చిన్నప్పుడు బడి దగ్గర ఆవిడ కోసం పోట్లాడింది వాళ్లమ్మే.

హాస్టల్ విషయానికొస్తే వద్దు అనే ముందు ఒకసారి పగలూ, ఒకసారి చీకటిపడ్డాకా పాపతో కలిసి అక్కడ నడవండి, మెట్ల దగ్గర లైటు ఉందా, బాత్రూం ఎంత దూరం, గది కింద అంతస్తులో ఇస్తారా, పరీక్షకి అదనపు టైం ఇస్తారా, ఇవన్నీ అడగండి, అడగడానికి మొహమాటపడకండి. పెళ్లి సంగతి ఇప్పుడెందుకు అనే నా అభిప్రాయం, కానీ దాచి మాత్రం చేయకండి, చూపు సంగతి పెళ్లయ్యాక ఎన్నాళ్లు దాగుతుంది, దాచినందుకు తిట్లు తినేది మళ్లీ ఆ పిల్లే. ఇది జన్యువుల వల్ల వచ్చేది, పుట్టబోయే పిల్లలకి వస్తుందా రాదా అన్నది ఏ జన్యువులో మార్పు, ఎలా సంక్రమించింది అన్నదాన్నిబట్టి ఉంటుంది, ఆ లెక్క చుట్టాలకి తెలియదు, జెనెటిక్ కౌన్సెలింగ్‌లో చెప్తారు.

ప్రశ్న: నాకు 26, రెండు చెవులకీ మిషన్లు. ఇంటర్వ్యూలో ముందే చెప్పాలా? ఇంట్లో కూడా అందరూ నవ్వుతుంటే ఏంటి అని అడిగితే "తర్వాత చెప్తాలే" అంటారు.

జవాబు: తమ్ముడూ, చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టమే. నేనైతే చెప్పమంటాను, కాకపోతే నాకు వినపడదు అని అక్కడితో ఆపకు, ఏం చేస్తే పని సాగుతుందో కూడా చెప్పు. ఎదురుగా కూర్చుని మాట్లాడండి, వీడియో కాల్‌లో క్యాప్షన్లు పెట్టండి, మీటింగ్‌లో అనుకున్నవి రాసి పంపండి, ఇంతే కదా. మిషన్ శబ్దాన్ని పెంచుతుంది గానీ నలుగురు ఒకేసారి మాట్లాడే చోట మాటని పూర్తిగా విడదీసి ఇవ్వదు, ఇది చాలామందికి తెలియదు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో, ఇలాంటి సబబైన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షే అని రాసుంది. కాబట్టి నువ్వు అడిగేది దయ కాదు.

ఇంట్లో మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తర్వాత అన్నది ఎప్పుడూ రాదు, నవ్వు అయిపోయాక ఆ జోకు చెప్పినా చప్పగా ఉంటుంది. ఒకళ్లు మాట్లాడాకే ఇంకొకళ్లు మాట్లాడమను, నీ మొహం చూసి మాట్లాడమను, ఈసారి ఎవరైనా తర్వాత చెప్తాలే అంటే ఫోన్ చేతికిచ్చి ఇప్పుడే టైప్ చెయ్యమను.